వంకాయ ప్యాకెట్ మీద చందమామ

మేడ్చల్ రోడ్డు మీద ఉన్న మా విత్తనాల కంపెనీ ఆఫీసుకు రెండు తలుపులు. ముందు తలుపు తీస్తే రోడ్డు, వెనక తలుపు తీస్తే పొలం. మేం అమ్మే ప్రతి కూరగాయనూ ముందు ఆ పొలంలో పండించి చూసేవాళ్ళు. నేను విత్తనాల ప్యాకెట్ల మీద కూరగాయల బొమ్మలు వేసే ఆర్టిస్టుని. పదమూడేళ్ళలో ఆ వెనక తలుపు నేను ఒక్కసారి కూడా తీయలేదు. అక్కడ పాములుంటాయని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో గుర్తు లేదు గానీ, బొమ్మలు వేసేవాడికి పొలంతో పనేమిటని నాకు నేను చెప్పుకున్న మాట మాత్రం బాగా గుర్తుంది.

ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని "ఐడియా రావట్లేదు అంకుల్" అని నా దగ్గర వాపోతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఐడియాలు రాకపోవడం వల్ల నా ఉద్యోగానికి ఏ నష్టమూ జరగలేదు. ఒకసారి వచ్చింది. దాంతోనే వచ్చింది అసలు చిక్కు.

నేను తొంభైల మొదట్లో ఆ కంపెనీలో చేరాను. అంతకుముందు సూరారంలో దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. చేరిన కొత్తలో టమాటా వేయమంటే ఒళ్ళు మరిచిపోయి వేసేవాణ్ణి. అదెలా వేసేవాణ్ణో ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పాత క్యాటలాగు తెరిచి, ట్రేసింగ్ పేపర్ పెట్టి, గీత లాగి, పోస్టర్ కలర్ నింపి, చివర్లో ఎడమ భుజం మీద తెల్లటి మెరుపు ఒకటి పెట్టేవాణ్ణి. ఆ మెరుపు చూసి మేనేజర్ గారు "భలే తాజాగా ఉందయ్యా" అన్నారు ఒకసారి. అంతే, ఇక నా చేతిలో బెండకాయకూ, మిరపకాయకూ, సొరకాయకూ, ఆఖరికి పాలకూరకు కూడా అదే మెరుపు, అదే ఎడమ భుజం మీద. పాలకూరకు భుజమెక్కడిదని ఎవరూ అడగలేదు.

పన్నెండేళ్ళు గడిచేసరికి నాకే విసుగు పుట్టింది. కుంచె పట్టుకుంటే చెయ్యి దానంతట అదే పాత టమాటా గీసేసేది, మనసు మాత్రం టీ ఎప్పుడొస్తుందా అని చూసేది. అప్పుడే ఆఫీసులోకి కంప్యూటర్ కూడా వచ్చింది. మేనేజర్ గారు గుంటూరు వైపు మనిషి. కోపం వచ్చినా మర్యాద వచ్చినా గొంతు ఒకటే. ఒకరోజు నన్ను పిలిచి, "ఏంటయ్యా, పన్నెండేళ్ళుగా అదే వంకాయ! వచ్చే సీజనుకి కొత్తదనం కనపడాలి. లేదంటే కంప్యూటర్ మీద చేసేవాళ్ళని పెట్టుకుంటాం, నువ్వు స్టోర్స్‌లో సంచులు లెక్కపెట్టుకోవచ్చు" అన్నారు. ఇల్లు, పిల్లల చదువు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. నిజం చెప్పాలంటే వాటికన్నా ఎక్కువగా, ఆర్టిస్టు అనే పిలుపు పోతుందన్న దిగులే పట్టుకుంది.

మా ల్యాబులో గింజలు ఎన్ని మొలకెత్తుతున్నాయో పరీక్ష చేసే మేడం ఒకావిడ ఉండేది. వాళ్ళది కోస్తా. మచ్చ బొల్లారంలో కొత్తగా కట్టిన కాలనీలో ఉండేవాళ్ళు. కంపెనీ వ్యానులో ఆవిడది నా ముందు సీటు. రోజూ వ్యాను ఎక్కగానే హ్యాండ్‌బ్యాగులోంచి ఒక పేకముక్కలాంటి కార్డు తీసి, దాన్ని కాసేపు చూసి, చిన్న నోటుపుస్తకంలో ఏదో రాసుకునేది. పేకముక్క కన్నా పెద్దది, మీద రంగుల బొమ్మ. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"టారో కార్డులంటారండీ. మా చెల్లెలు కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో కొన్నది. అర్థాలు చెప్పే పుస్తకం లేదు, బొమ్మలే ఉన్నాయి. అదే మంచిదైంది."

"జాతకం జెప్తయా మేడం?"

"అబ్బే, జాతకం కాదండీ. పెళ్ళికి ముందు కథలు రాసేదాన్ని. తర్వాత ఒక్క ముక్క కూడా రాస్తే ఒట్టు. ఇప్పుడు రోజుకో బొమ్మ చూస్తాను. చూసి, నాకేం గుర్తొచ్చిందో, ఎందుకు గుర్తొచ్చిందో రాసుకుంటాను. అందులో సగం చెత్తే. మిగతా సగంలో నేను దాచుకున్నవేవో బయటపడుతుంటాయి." ఆవిడ నవ్వింది. "మళ్ళీ కథలు రాస్తున్నానండీ."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాకు కావలసింది కూడా సరిగ్గా ఇదే కదా! కార్డులు వారం రోజులకు అడిగి తీసుకున్నాను. ఇచ్చేటప్పుడు ఆవిడ ఒక్క మాట చెప్పింది. "ఆర్టిస్టు గారూ, ఆ బొమ్మ మీలో ఏముందో చూసుకోవడానికండీ. దాన్ని తీసుకెళ్ళి ప్యాకెట్ మీద పెట్టేయకండి." నేను తల ఊపాను. నేను తల ఊపానంటే ఆ మాట నా చెవిలోకి దూరలేదని మా ఆవిడకు తెలుసు, పాపం మేడంకు తెలియదు.

వారం అన్నది నెలలు దాటిపోయింది. ఆవిడ నోటుపుస్తకంతో సరిపెట్టుకుంటే, నేను ఏకంగా పూజ మొదలుపెట్టాను. బల్ల మీద ఎర్రగుడ్డ, ఒక అగరుబత్తి, కళ్ళు మూసుకుని కార్డులు కలపడం. నచ్చని కార్డు వస్తే సరిగా కలపలేదనుకుని మళ్ళీ కలిపేవాణ్ణి. మా స్టోర్‌కీపర్ శామీర్‌పేట వాడు, నోటికి తాళం లేని మనిషి. రోజూ నా గది గుమ్మంలో ఆగి అడిగేవాడు.

"అన్నా, అన్ని ఉన్నయ్ గని చిలుక ఏడవాయె?"

"ఏం చిలుక?"

"గదే, కార్డు గుంజే చిలుక. ఓ, నువ్వే గుంజుతున్నవా? అయితె జామపండు తెమ్మంటవా?"

కళ అంటే తెలియని వాళ్ళతో వాదన ఎందుకని మళ్ళీ కార్డులు కలిపేవాణ్ణి.

ఆ సీజనుకు నాకు అప్పగించినవి రెండు వంకాయలు. ఒకటి గుండ్రంగా, నేరేడు రంగులో ఉండే గుత్తి వంకాయ రకం. రెండోది పచ్చగా పొడుగ్గా ఉండే రకం. గుండ్రటి దానికి కార్డు తీస్తే సూర్యుడొచ్చాడు. పొడుగు దానికి తీస్తే చంద్రుడొచ్చాడు. ఒళ్ళు జలదరించింది. పగలు ఒక వంకాయ, రాత్రి ఒక వంకాయ! ఏళ్ళుగా ఎండిపోయిన బుర్రలోకి ఒక్కసారిగా నీళ్ళొచ్చాయి.

గుండ్రటి రకం ప్యాకెట్ మీద పెద్ద పసుపుపచ్చ సూర్యబింబం వేసి, కింద మూలన రెండు వంకాయలు పెట్టాను. పొడుగు రకం మీద నిండు చందమామ. తెల్ల చందమామ అందరూ వేస్తారు కదా, నేను ముదురు ఊదా రంగు వేశాను. పైన వంగమొక్క ఆకులు నాలుగు చందమామ నెత్తి మీదికి వాలినట్టు పెట్టాను. ఎడమ భుజం మీద మెరుపు. అసలు పొడుగు వంకాయలు ఎక్కడో కింద, అగ్గిపుల్లల సైజులో.

మేడం చాలాసేపు చూసింది. "బావుందండీ... వంకాయ ఎక్కడుంది?" అంది. మూలన చూపించాను. "ఓహో" అంది. ఆవిడకు అభిరుచి తక్కువని జాలిపడ్డాను. మేనేజర్ గారు ఫోన్లో మాట్లాడుతూనే చూసి, "ఏదో కొత్తగానే ఉంది" అని సంతకం పెట్టారు. వానలకు ముందే ప్యాకెట్లు అచ్చయి దుకాణాలకు వెళ్ళిపోయాయి. మేడ్చల్‌లో విత్తనాల దుకాణాల ముందు తాడుకు వేలాడుతున్న నా చందమామలను చూడ్డానికి రెండు స్టాపుల ముందే వ్యాను దిగి నడిచిన రోజులున్నాయి.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున, ఒక ముసలామె మా ఆఫీసుకొచ్చింది. రావల్‌కోల్ నుంచి బస్సులో వచ్చిందట. నెత్తి మీద గంప, కొంగున ముడివేసిన ఖాళీ ప్యాకెట్. గంప నిండా పచ్చటి పొడుగు వంకాయలు. నేరుగా మేనేజర్ గారి గదిలోకి నడిచి, గంపను బల్ల మీద దించింది. నా గది పక్కనే కాబట్టి ప్రతి మాటా వినపడింది.

"గిదేంది సారూ? గుండ్రటియి అని ఇత్తులు అమ్మిండ్రు, పొడుగుటియి కాసినయ్."

మేనేజర్ గారు ప్యాకెట్ తిప్పి చూశారు. "ఇది పొడుగు రకమే కదమ్మా. ఇదిగో, రాసి కూడా ఉంది."

"నాకు సదువు రాదు. బొమ్మ జూసి తెచ్చిన. ఎప్పటిసంది బొమ్మ జూసే తెస్త. నల్లగ గుండ్రంగ గింత పెద్దగ వంకాయ ఏసి, పొడుగుటియి ఎందుకిస్తరు?"

"అది వంకాయ కాదమ్మా, చందమామ."

ప్యాకెట్ గరగరమన్న చప్పుడు వినిపించింది. తర్వాత ముసలామె గొంతు నెమ్మదిగా వచ్చింది. "చందమామ వంకాయ రంగుల ఎందుకుంటది సారూ? మీద ముచ్చిక సుత ఉన్నది గద."

నేను నా గదిలో ప్యాకెట్ తీసి చూసుకున్నాను. నాలుగు ఆకులు, కింద ఊదా గుండు, మెరుపు. పదమూడేళ్ళలో నేను వేసిన వంకాయలన్నింటిలోకీ అచ్చం వంకాయలా ఉన్నది ఆ చందమామ ఒక్కటే.

ఆమె బాధ ఏమిటో కూడా విన్నాను. మేడ్చల్ అంగడిలో ఆమె గుత్తి వంకాయలకు పేరుందట. ఎప్పటినుంచో కొనేవాళ్ళు ఈసారి గంప చూసి, "అవ్వా, నీ వంకాయలు ఏవి?" అని పక్క గంపకు వెళ్ళిపోతున్నారట. "కాసినకాడికి అగ్గువకు అమ్మిన. ఇంకొంత భూమి దున్ని పెట్టుకున్న. మీ ఎనక మడిల గుండ్రటి నారు ఉన్నదంట గద, గది ఇయ్యుండ్రి. ఇప్పుడు నాటితె చలికాలం పంటకు అందుతది. మల్ల ఇత్తులు పోసి నారు పెంచేటాల్లకు కాలం దాటిపోతది. గిరాకి ఇంకోలకు అలవాటైతది."

మేనేజర్ గారు ఒప్పుకోలేదు. కసరలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టే చెప్పారు. పేరు ప్యాకెట్ మీద రాసి ఉంది కాబట్టి కంపెనీ తప్పు లేదు. ఒకరికి ఇస్తే మండలం అంతా వస్తుంది. ముసలామె అన్నీ విని, గంప ఎత్తుకుని బయటికి వచ్చి, సైకిల్ షెడ్డులో కూర్చుంది. "బస్సు వచ్చేదాక కూసుంట" అంది వాచ్‌మన్‌తో. మూడు బస్సులు వెళ్ళిపోయినా లేవలేదు.

నేను వెళ్ళి తప్పు నాదని చెబితే ఆమెకు నారు దొరకొచ్చు. కానీ ఆ మాట నా నోట వస్తే చాలు, నా పని లాక్కోవడానికి కంప్యూటర్ సిద్ధంగా ఉంది. చెప్పాలా, వద్దా? ఇలాంటి చోట మనిషన్నవాడు తన మనసును అడుగుతాడు. నేను కార్డులు తీసుకుని సైకిల్ షెడ్డు వెనక్కి వెళ్ళాను. మొదటి కార్డు కూలుతున్న బురుజు. బాగా కలపలేదనుకున్నాను. రెండోది కత్తులతో పొడిచి పడేసిన మనిషి. ఇది పొరపాటున వచ్చిందనుకున్నాను. మూడోసారి నాకిష్టమైన కార్డు వచ్చింది. ఒక రైతు పార కర్ర మీద గడ్డం ఆనించి, కాయలు కాసిన చెట్టు వైపు చూస్తుంటాడు. ఈ కార్డు నాకు చాలాసార్లు వచ్చింది. 'ఓపిక పట్టు, నీ శ్రమ ఫలిస్తుంది, లోకం నీ కళను గుర్తిస్తుంది' అని నోటుపుస్తకంలో మూడుచోట్ల రాసుకున్నాను కూడా. హమ్మయ్య, ఓపిక పట్టమంటోంది, నోరు మూసుకుని ఉందాం అనుకున్నాను.

"ఏంది బిడ్డా గది? పేకాటనా?"

షెడ్డు స్తంభం పక్కనుంచి ముసలామె తొంగి చూస్తోంది. దొంగతనం పట్టుబడ్డట్టయింది. కాదని చెప్పి కార్డు చేతికిచ్చాను. ఆమె దాన్ని వెలుతురుకు తిప్పి పట్టుకుంది.

"పాపం, గీనె సుత మోసపోయిండా?"

"మోసపోవుడేంది అవ్వా? పంట కోసం ఎదురుచూస్తున్నడు."

"ఎదురుచూసేటోడు గట్ల నిలబడడు. పనున్నోనికి పార మీద వాలే తీరిక ఏడిది? ఏసింది ఒకటి, కాసింది ఒకటి. గందుకే గడ్డం కింద కర్ర వెట్టుకొని నిలబడ్డడు. మొన్న చేన్ల నేను గిట్లనే నిలబడ్డ." కార్డును ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. "గీ కాయలేంది? రూపాయి బిళ్ళలోలె అన్ని ఒక్కతీరు గుండ్రంగ. వంకాయ గాదు, టమాట గాదు. గీ బొమ్మ ఏసినోడు సుత చెట్టును సూసినట్టు లేడు."

'సుత' అన్నదామె, వీడు కూడా అని. అంటే ఇంకొకడు ఎవడో ఆమె మనసులో అప్పటికే ఉన్నాడు.

"గీ పాకీటు మీద బొమ్మ ఎవలేసిండ్రు బిడ్డా? ఆయనెవలో నాకు ఒక్కసారి సూపియ్యరాదు? తిట్టడానికి గాదు. ఆయన ఇంట్ల వంకాయ వండుతరా లేదా అని అడుగుత."

మా ఇంట్లో గుత్తి వంకాయ వారానికి రెండుసార్లు వండుతారు. తినడమే తప్ప నేను ఎన్నడూ చూసింది లేదు. ఇన్నాళ్ళూ కార్డుల్లో నన్ను నేను చూసుకుంటున్నానని అనుకున్నాను. నేను చూసుకున్నది నా గొప్పనే. నచ్చనిది కనపడినప్పుడల్లా మళ్ళీ కలిపాను.

"నేనే ఏసిన అవ్వా" అన్నాను. ఆమె ఏదో అనేలోపే అక్కణ్ణుంచి లేచి, నేరుగా మేనేజర్ గారి గదిలోకి వెళ్ళాను. కూర్చుంటే ధైర్యం చాలదని నిలబడే చెప్పాను.

"సార్, తప్పు నాదే. నేను వంకాయ ఎయ్యలేదు. చందమామ ఏసిన, అది వంకాయలెక్క వచ్చింది. ఆమెకు నారు ఇయ్యుండ్రి. నన్ను స్టోర్స్‌ల ఏసినా సరే."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కాగితం మీద రాసిస్తావా?" అన్నారు. రాసిచ్చాను. మెరుపులేమీ లేకుండా, ఉన్నది ఉన్నట్టు. ఆయన చదివారు, రెండోసారి చదివారు.

"మరి దీని మీద సంతకం పెట్టిన వెధవ ఎవరు?"

జవాబు కూడా ఆయనే చెప్పారు.

"నేనేనయ్యా. ఫోన్లో ఉండి పెట్టాను." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశారు. "తప్పని రాసి నారిస్తే పైవాళ్ళు నన్నూ నిన్నూ కలిపి తోముతారు. డెమో ప్లాటని రాద్దాం. ఆమె పొలంలో మన గుండ్రటి రకం నాటించి చూస్తున్నాం. డెమో ప్లాటుకు ఇన్‌చార్జి ఉండాలి. వారానికోసారి వెళ్ళి మొక్కలెలా ఉన్నాయో రాసుకురావాలి. ఆ ఇన్‌చార్జివి నువ్వే."

"నాకు ఎవుసం తెల్వది సార్."

"తెలుస్తూనే ఉంది. వెనక తలుపు తీసుకుని పో, నారు తీయించు."

గడియ తుప్పు పట్టి ఉంది. స్టోర్‌కీపర్ వచ్చి భుజంతో నెడితే గానీ తెరుచుకోలేదు. పాములేమీ లేవు. వరసలు వరసలుగా వంగ, మిరప, టమాటా, నేను పదమూడేళ్ళుగా బొమ్మలు వేసినవన్నీ మా గోడకు అవతల పూసి కాస్తున్నాయి. తడిసిన గోనెపట్టాలో చుట్టిన నారును ముసలామె నెత్తికెత్తుకుంటుంటే, నా బొమ్మల పనంతా ఈ గోడకు ఇవతల కూర్చుని చేశానని అప్పుడు తెలిసొచ్చింది. "బస్సుల నలుగుతది, నువ్వు సుత రా, పట్టుకో" అందామె. వెళ్ళాను.

ఆ చలికాలమంతా ప్రతి శనివారం రావల్‌కోల్ వెళ్ళాను. మొదటి వారం రాసుకొచ్చిన రిపోర్టులో 'మొక్కలు పచ్చగా ఉన్నాయి' అని ఒక్కటే వాక్యం. మేనేజర్ గారు దాన్ని ఆఫీసంతా చదివి వినిపించారు. తర్వాత రాయడం మాని బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. వంగపువ్వు కిందికి చూస్తుందని, ఆకు వెనక ఊదా ఈనె ఉంటుందని, లేత కాయ తొడిమలో సగం దాక్కుంటుందని నలభై దాటాక తెలుసుకున్నాను. మొదటిసారి కాయ తెంపబోతే తొడిమ మీది ముల్లు బొటనవేలిలో దిగింది. అబ్బా అని అరిచాను. ముసలామె కడుపుబ్బ నవ్వింది. "ఇన్నేండ్లు వంకాయ బొమ్మలేసినవ్, ముల్లున్నదని తెల్వదా?" తెలియదు. నా క్యాటలాగు వంకాయకు ముళ్ళుండేవి కావు.

కార్డులు మేడంకు తిరిగిచ్చేశాను. చందమామ సంగతి చెబితే ఆవిడ వ్యానులో అందరూ తిరిగి చూసేంతగా నవ్వి, తర్వాత ఆ పార పట్టుకున్న రైతు కార్డును నాకే ఇచ్చేసింది. కట్టలో ఒకటి తగ్గితే ఏం కాదంది, తనదేమీ జాతకం కాదు కదా. అది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. పని తోచనప్పుడు ఇప్పటికీ చూస్తాను. చూసి, 'నేను ఏసింది ఏంది, కాసింది ఏంది' అని అడుగుతాను. జవాబు నచ్చకపోయినా మళ్ళీ కలపడానికి ఇంకో కార్డు లేదు.

రెండేళ్ళకు ప్యాకెట్ల పని ఎలాగూ కంప్యూటర్‌కే వెళ్ళిపోయింది. నన్ను స్టోర్స్‌లో వేయలేదు, పొలంలో మొక్కల బొమ్మలు గీసిచ్చే పనిలో పెట్టారు. రిటైరయ్యే దాకా వెనక తలుపు దగ్గరే నా బల్ల. కానీ అంతకన్నా ముందు, ఆ చలికాలం చివర జరిగింది ఒకటి చెప్పాలి.

గుండ్రటి రకానికి కొత్త బొమ్మ వేశాను. ఒకే ఒక్క కాయ, ప్యాకెట్ నిండా. మెరుపు లేదు, తొడిమ మీద ముళ్ళున్నాయి. అచ్చుకు పంపే ముందు మేనేజర్ గారి సంతకం కోసం పోకుండా మేడ్చల్ అంగడికి వెళ్ళాను. ముసలామె గంప ముందు ఇద్దరు బేరమాడుతున్నారు. గంపలో నేరేడు రంగు గుండ్రటి వంకాయలు. చేతులు ఖాళీ అయ్యేదాకా ఆగి, బొమ్మ కాగితం అందించాను.

ఆమె కాగితం అందుకోబోయి, తొడిమ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు కాస్త పక్కకు జరిపి పట్టుకుంది.